బటన్ ఎవరైనా పెడతారు

కాన్ఫిగరేషన్ ఫైళ్ల (యాప్ ఎలా తయారవ్వాలో చెప్పే సెట్టింగుల ఫైళ్ల) మీద కొందరు డెవలపర్లు సాగిస్తున్న దుష్ప్రచారాన్ని ఖండించక తప్పడం లేదు. ఒక్క బటన్ ఉన్న యాప్‌కి ఇన్ని ఫైళ్లా అని వాళ్ల ఏడుపు. ఆండ్రాయిడ్‌లో కొత్త ప్రాజెక్టు తెరిస్తే కోడ్‌ని యాప్‌గా కట్టిపెట్టే గ్రేడిల్ అనే పనిముట్టుకి బిల్డ్ ఫైళ్లు రెండు, సెట్టింగ్స్ ఒకటి, ప్రాపర్టీస్ మూడు, వెర్షన్ల జాబితాకి టామల్ ఫైలు ఒకటి, కోడ్‌ని కుదించే ప్రోగార్డ్ నియమాలు, యాప్ వివరాలు చెప్పే మ్యానిఫెస్ట్. బటన్‌దేముంది, ఎవరైనా పెడతారు. మిన్, టార్గెట్, కంపైల్ ఎస్‌డీకేల (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ల కోసమో చెప్పే నంబర్ల) తేడా తడుముకోకుండా చెప్పగలిగినవాడే ఇంజనీరు.

గ్రేడిల్‌కి నిలకడ లేదని ఇంకో నింద. లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన కోడ్) కావాలంటే మొదట్లో 'కంపైల్' అని రాసేవాళ్లం. 2017లో గ్రేడిల్‌కి తగిలించే ఆండ్రాయిడ్ ప్లగిన్ 3.0 వచ్చి 'ఇంప్లిమెంటేషన్' అని రాయమంది. 2021లో గ్రేడిల్ 7 పాత మాటను పూర్తిగా ఎత్తేసింది. బిల్డ్ ఫైళ్లు గ్రూవీ భాషలో రాయడానికి చెయ్యి తిరిగాక కాట్లిన్‌లో రాయమన్నారు. ప్లగిన్ 8 అయితే నేమ్‌స్పేస్‌ని (యాప్ కోడ్‌కి పెట్టే పేరుని) మ్యానిఫెస్ట్ నుంచి బిల్డ్ ఫైల్లోకి మార్పించి, పనిలో పనిగా జావా 17 కూడా అడిగింది. దీన్ని వేధింపు అంటే ఎలా? మనం ఖాళీగా ఉంటే పాడైపోతామన్న శ్రద్ధ అది. ప్లగిన్ వెర్షన్ 4.2 నుంచి ఒక్క గంతులో 7.0కి చేరింది, గ్రేడిల్ నంబరుతో జత కుదరాలని. ఏ ప్లగిన్‌కి ఏ గ్రేడిల్ పొసగుతుందో, దానికి ఏ జావా నప్పుతుందో చెప్పే పట్టిక ఒకటుంది. యాప్ గురించి ఆలోచించడానికి తీరిక దొరికితే ముందు అది కంఠస్థం చెయ్యండి.

ఇక గ్రేడిల్ డీమన్, అంటే తెరవెనక నడిచే గ్రేడిల్ ప్రోగ్రాం. పనేమీ లేకపోయినా మూడు గంటలు మెమరీలోనే కాచుకుని ఉంటుంది, మళ్లీ పిలుస్తారేమోనని. అంతటి విధేయుణ్ణి పట్టుకుని ర్యామ్ తింటోందంటారు, కృతఘ్నులు!

ఐఓఎస్ వాళ్లు మాకీ గోల లేదంటారు, పాపం. వాళ్లు యాప్‌లు కట్టే ఎక్స్‌కోడ్ ప్రాజెక్టు ఫైల్లో ప్రతి వస్తువుకీ 24 అక్షరాల గుర్తింపు ఉంటుంది. పాత తరహా ప్రాజెక్టులో ఇద్దరు ఒకేరోజు చెరో ఫైలు చేర్చారా, ఇద్దరి మార్పుల్నీ కలిపే మెర్జ్ దగ్గర తగువు. ఏ వరుస ఎవరిదో తేల్చడానికి ఆ ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు సాయంత్రం దాకా కూర్చుంటారు. ఇంతటి ఐకమత్యాన్ని ఏ మీటింగూ సాధించలేదు.

అన్నిటికంటే పూజనీయమైనవి పాత ప్రాపర్టీస్ లైన్లు. జెటిఫయర్‌నే చూడండి. 2018లో ఆండ్రాయిడ్‌ఎక్స్ అనే కొత్త లైబ్రరీలు వచ్చినప్పుడు పాత సపోర్ట్ లైబ్రరీల మీద ఆధారపడ్డవాటిని మార్చిపెట్టడానికి పుట్టింది. ఆ పాత లైబ్రరీలు పోయినా దాన్ని ఆన్ చేసే లైను మాత్రం ఒక ప్రాజెక్టులోంచి ఇంకో ప్రాజెక్టులోకి కాపీ అవుతూ, బిల్డ్‌ని కాస్త నెమ్మదింపజేస్తూ బతికే ఉంది. ఎందుకుందని అడిగితే సీనియర్లు కూడా గంభీరంగా తలూపుతారు. దాన్ని తీసేస్తూ ఏ కొత్త కుర్రాడైనా పుల్ రిక్వెస్ట్ (మార్పుని చేర్చుకోమన్న అభ్యర్థన) పెడితే 'ఉండనివ్వండి' అని ఒక్క ముక్క రాసి మూసెయ్యాలి. రేపు రిలీజ్ ఉంది.