లైబ్రరీ వైఫై కలిపితే ఖాతా ఖాళీ అవుతుందా?

నెల్లూరులో పోటీ పరీక్షలకు చదివే వాళ్ళ గ్రూపుల్లో, తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: "లైబ్రరీలో ఫ్రీ వైఫై వాడకండి. కలిపిన మరుక్షణం మీ ఫొటోలు, బ్యాంకు పిన్, ఓటీపీలు హ్యాకర్లకు వెళ్ళిపోతాయి. ఊరికే నెట్ ఎవడిస్తాడు? మీ నంబరు అడిగేది అందుకే. పాస్‌వర్డ్ ఉన్న వైఫై అయితేనే వాడండి, లేదా ఏదైనా ఫ్రీ వీపీఎన్ యాప్ వేసుకోండి. పదిమందికీ పంపండి."

పంపినవాళ్ళలో చాలామంది పిల్లల మేలు కోరే పంపారు. కానీ ఇది చదివాక కోవూరు నుంచి, బుచ్చి నుంచి క్యారియర్ పట్టుకుని బస్సెక్కి వచ్చే పిల్లల్ని కొందరు ఇంట్లోవాళ్ళు లైబ్రరీకే పోవద్దంటున్నారు. అది చూస్తూ ఊరుకోలేక ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"ఊరికే ఎవడిస్తాడు" అన్నది ముందు చూద్దాం. ఊరికేం కాదు. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ పన్ను అని విడిగా ఒక వరుస ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసేది అదే. లైబ్రరీ మనకు ఎవరో పెట్టే దానం కాదు, అందులో మన డబ్బుంది. దాన్ని వాడుకోవడానికి అనుమానం దేనికి?

"కలపగానే ఫొటోలు పోతాయి" అన్నది తప్పు. వైఫైకి కలిసినంత మాత్రాన ఫోన్లో ఫొటోలు పక్కవాడికి కనిపించవు. అవి బయటికి పోవాలంటే మనమే అనుమతులిచ్చి కూర్చోబెట్టిన దొంగ యాప్ ఏదో లోపల ఉండాలి. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు, అంటే ప్లేస్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను ఫోన్లో ఎక్కించే ఫైలు, నొక్కితే జరిగేది అదే. అది ఇంట్లో, సొంత డేటా మీద కూడా జరుగుతుంది. ఫోన్ అప్‌డేట్లు మాత్రం వాయిదా వేయకండి. ల్యాప్‌టాప్ తెచ్చుకునేవాళ్ళు విండోస్ అడిగినప్పుడు 'పబ్లిక్ నెట్‌వర్క్' అని ఎంచుకోండి.

బ్యాంకు పిన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ భయానికి ఒకప్పుడు ఆధారం ఉంది. 2010లో ఫైర్‌షీప్ అని ఒక చిన్న ప్రోగ్రాం వచ్చింది. తాళం లేని వైఫైలో పక్కన కూర్చున్నవాడి ఫేస్‌బుక్ ఖాతాలోకి ఎంత తేలిగ్గా దూరొచ్చో అది చూపించింది. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ ఒక్కటే భద్రంగా పంపి, మిగతాదంతా బయటికే వదిలేసేవి. ఆ తర్వాత పద్ధతి మారింది. 2013లో ఫేస్‌బుక్ అందరికీ హెచ్‌టీటీపీఎస్ పెట్టింది, అంటే మన ఫోన్‌కీ సైటుకీ మధ్య పోయేదంతా తాళం వేసి పంపే పద్ధతి. 2016లో వాట్సాప్ సందేశాలు పంపినవాళ్ళకీ అందుకున్నవాళ్ళకీ తప్ప మధ్యలో ఎవరికీ అర్థంకాని రూపంలో పోవడం మొదలైంది. 2018 నుంచి హెచ్‌టీటీపీఎస్ లేని సైటు తెరిస్తే క్రోమ్ 'నాట్ సెక్యూర్' అని పైనే చూపిస్తోంది. యూపీఐ పిన్ అయితే మన ఫోన్లోనే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మారి బయల్దేరుతుంది. ఫోన్‌పే, గూగుల్‌పే వాళ్ళకు కూడా అది కనిపించదు.

మరి వైఫై నడిపేవాళ్ళకు ఏమీ తెలియదా? కొంత తెలుస్తుంది. లైబ్రరీ గుమ్మం దగ్గర రిజిస్టర్లో పేరు రాసి లోపలికి పోయినట్టు, ఏ సైటుకు వెళ్ళారన్నది తెలుస్తుంది, అక్కడ ఏం చదివారో, ఏం రాశారో తెలియదు. ఇంత చెప్పినా, డబ్బు పంపేటప్పుడు ఆ రెండు నిమిషాలు సొంత డేటా వాడుకుంటానంటే మంచిదే, నేను కాదనను. బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిక చూపిస్తే మాత్రం "పర్లేదులే" అని ముందుకు పోకండి.

ఇక ఓటీపీ. పబ్లిక్ వైఫై ఇచ్చేవాళ్ళు వాడేది ఎవరో నమోదు చేసుకోవాలన్నది మన టెలికాం శాఖ నిబంధన. నంబరు అడిగేది అందుకు. వచ్చిన ఎస్సెమ్మెస్ పూర్తిగా చదవండి. వైఫై లాగిన్ అని ఉంటే కొట్టండి. అందులో బ్యాంకు పేరో, డబ్బు మొత్తమో, వాట్సాప్ రిజిస్ట్రేషన్ కోడ్ అనో ఉంటే అక్కడితో ఆపేయండి. ఆధార్ నంబరు, జీమెయిల్ పాస్‌వర్డ్, ఏటీఎం కార్డు వివరాలు అడిగే వైఫై పేజీ ఏదైనా సరే, మూసేయండి.

మెసేజ్ ఇచ్చిన రెండు సలహాలూ పనికొచ్చేవి కావు. గోడకు అంటించిన పాస్‌వర్డ్ అందరికీ తెలిసిందే, దొంగకు కూడా. ఊరూ పేరూ లేని ఫ్రీ వీపీఎన్ వేసుకుంటే నెట్‌లో మీ రాకపోకలన్నీ ఆ ముక్కూమొహం తెలియని కంపెనీ మీదుగా పోతాయి. లైబ్రరీని నమ్మనివాళ్ళు దాన్నెలా నమ్మమంటారు?

నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. లైబ్రరీలోనో నెట్ సెంటర్లోనో పదిమంది వాడే కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరవండి. హాల్ టికెట్లు, పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్లు, ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు వరసగా పడి ఉంటాయి. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అంటారు. అది పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్కనే ఉన్న హాల్ టికెట్ మీద ఉంటాయి! పని కాగానే ఫైలు తీసేయండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. వాట్సాప్ వెబ్ మూయడం మర్చిపోయి ఇంటికొచ్చేస్తే టెన్షన్ పడక్కర్లేదు. ఫోన్లో 'లింక్డ్ డివైసెస్'లోకి వెళ్ళి అక్కణ్ణుంచే లాగౌట్ చేయొచ్చు.

ఇంకో ప్రమాదం, లైబ్రరీ పేరుతోనే ఎవరైనా దొంగ వైఫై పెట్టడం. ఇది జరగొచ్చు. దీనికి మందు పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. అసలు వైఫై పేరేంటో, లాగిన్‌లో ఏమేం అడుగుతారో పెద్దక్షరాలతో రాసి నోటీసు బోర్డు మీద పెట్టమని లైబ్రేరియన్ గారిని అడగండి. మోసపోయినప్పుడు చేయాల్సిన 1930 నంబరు కూడా కిందే రాయమనండి. డబ్బు చేతులు మారేలోపు ఫోన్ చేస్తే ఆపే అవకాశం ఉంటుంది. ఆ కాగితాన్ని ఫొటో తీసి, ఈ మెసేజ్ వచ్చిన గ్రూపుల్లోనే పెట్టండి.