ఇస్లామాబాద్‌లో మన ఆఫీసు ఉండాల్సిందే

పహల్గాం దాడి జరిగిన దగ్గర్నుంచి అమెరికాలోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. పాకిస్తాన్‌తో పూర్తిగా తెగదెంపులు చేసుకోవాలి, ఇస్లామాబాద్‌లో మన హైకమిషన్ (అంటే మన ఎంబసీ) మూసేయాలి, ఢిల్లీలో వాళ్లది ఖాళీ చేయించాలి. ఆ కోపం నాకూ ఉంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో చంపేసిన 26 మందిలో మన విశాఖపట్నం ఆయన ఉన్నారు, కావలి ఆయన ఉన్నారు. పాకిస్తాన్‌తో వ్యాపారం వద్దంటే సరే, క్రికెట్ వద్దంటే ఇంకా సరే, వీసాలు ఆపేస్తే ఆపేయండి. హైకమిషన్‌కి తాళం వేయమన్న దగ్గర మాత్రం నేను ఒప్పుకోను.

ఎదుటి దేశంలో ఆఫీసు నడపడమంటే ఆ దేశానికి మనం ఇచ్చే గౌరవం అనుకుంటారు చాలామంది. అక్కడ ఇరుక్కుపోయిన మనవాడి కోసం ఎవరు వెళ్తారన్నది ఎవరూ అడగరు.

2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకి దొరికిపోయారు, గుర్తుందా? (ఇంత పొడవు తీరం పెట్టుకుని మనవాళ్లు వెరావల్ దాకా కూలికి ఎందుకెళ్లాలి అనేది వేరే గోల. ఏ ప్రభుత్వాన్ని అడిగినా హార్బర్ కడుతున్నాం అంటుంది.) వాళ్లని కరాచీ జైల్లో పెట్టారు. తర్వాత ఫిబ్రవరిలో పుల్వామా దాడి, దాని వెనకే బాలాకోట్ మీద మన విమానాల దాడి. ఆగస్టులో ఆర్టికల్ 370 తీసేశాక పాకిస్తాన్ మన హైకమిషనర్‌ని వెళ్లిపొమ్మంది, రెండు దేశాల మధ్య నడిచే సంఝౌతా ఎక్స్‌ప్రెస్ రైలు ఆగిపోయింది, వ్యాపారం ఆగిపోయింది. అంత రచ్చ మధ్యలో కూడా 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు మీదుగా ఇంటికొచ్చారు. హైకమిషనర్ లేడు కానీ ఆయన కింద ఆఫీసు ఉంది, అందులో ఫైలు కదిపే మనుషులున్నారు.

ఆ ఫైలు ఎలా కదులుతుందో చూడండి. వేటకెళ్లేవాడు జేబులో పాస్‌పోర్టు పెట్టుకుని వెళ్లడు. వాడు ఇండియన్ అని ఎవరో తేల్చాలి. 2008లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం మన అధికారి జైలుకెళ్లి మాట్లాడతాడు, ఊరు పేరు, తండ్రి పేరు రాసుకుని ఢిల్లీకి పంపుతాడు, అక్కడ్నుంచి అది రాష్ట్రానికి వచ్చి, పోలీసులు ఊళ్లో విచారించి, అవును మావాడే అని రాస్తే, ఆ కాగితం మళ్లీ అన్ని మెట్లూ ఎక్కి ఇస్లామాబాద్ చేరాక ప్రయాణానికి తాత్కాలిక పత్రం ఇస్తారు. కరాచీలో మన కాన్సులేట్ 1994లోనే మూతపడింది కాబట్టి అక్కడి జైలుకి కూడా ఇస్లామాబాద్‌లోని మనవాళ్లే వెళ్లాలి. ఇప్పుడు ఆ ఇస్లామాబాద్ ఆఫీసూ ఎత్తేస్తే?

ఎత్తేస్తే ఏమవుతుందో అమెరికాలో ఉన్న మనం ఊహించుకోనక్కర్లేదు, ఆఫీసులో పక్క క్యూబ్‌లో ఇరానీ కొలీగ్ ఉంటే అడగండి. 1979 నవంబరులో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీని ఆక్రమించుకుని 52 మందిని 444 రోజులు బందీలుగా పెట్టారు. మధ్యలో 1980 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంబంధాలు తెంచేశాడు. అంత జరిగాక తెంచకుండా ఎలా ఉంటాడు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ అప్పుడు తెగిన సంబంధం మళ్లీ అతకలేదు. టెహ్రాన్‌లో అమెరికన్ల బాగోగులు స్విట్జర్లాండ్ చూస్తుంది. వాషింగ్టన్‌లో ఇరానీల పాస్‌పోర్టు పనులు జరిగేది ఎవరి నీడలోనో తెలుసా? పాకిస్తాన్ ఎంబసీ నీడలో! అమెరికా వీసా ఇంటర్వ్యూ కోసం టెహ్రాన్ తల్లిదండ్రులు అంకారాకో యెరవాన్‌కో పోవాల్సొచ్చేది. హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్ స్లాట్ దొరక్క చెన్నై వెళ్లాల్సొస్తేనే మనం నెలరోజులు తిట్టుకుంటాం.

కెనడా సంగతి ఇంకా బాధ. 2012 సెప్టెంబరులో వాళ్లు టెహ్రాన్ ఎంబసీ మూసేశారు. 2020 జనవరి 8న ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ సైన్యం కూల్చేసినప్పుడు పోయిన 176 మందిలో 55 మంది కెనడా పౌరులే. విమానం దిగితే కెనడాకి వెళ్లాల్సినవాళ్లు మొత్తం 138 మంది. అవశేషాలు గుర్తించడానికీ, కుటుంబాలకి ఒక మాట చెప్పడానికీ ఆ ఊళ్లో కెనడాకి సొంత ఆఫీసు లేదు. ఇటలీ వాళ్ల సాయం తీసుకుని, వీసాలడిగి మనుషుల్ని పంపుకోవాల్సొచ్చింది. అంతకి ఏడేళ్ల ముందే ఎంబసీ మూసినందుకు ఇరాన్ ఏమన్నా మారిందా అంటే అదీ లేదు.

దీనికి ఎదురు వాదన ఉంది, అదీ గట్టిదే. 1971 డిసెంబరులో మనం బంగ్లాదేశ్‌ని గుర్తించగానే పాకిస్తానే మనతో సంబంధాలు తెంచుకుంది, 1976 దాకా అతకలేదు. ఆ మధ్యలోనే 1972లో సిమ్లా ఒప్పందం అయింది, యుద్ధ ఖైదీలు వెనక్కి వెళ్లారు, స్విట్జర్లాండ్ రెండువైపులా మధ్యవర్తి పని చేసింది. ఆఫీసులు లేకుండా అప్పుడు కుదిరింది కదా అనొచ్చు. కుదిరింది, ఎందుకంటే మన చేతిలో 93 వేల మంది ఖైదీలున్నారు, పాకిస్తాన్ అధ్యక్షుడు భుట్టోకి రాక తప్పలేదు. పాతికమంది జాలర్ల కోసం ఎవరూ సిమ్లా రారు.

2025 మేలో యుద్ధం ఆపింది రెండు సైన్యాల మధ్య హాట్‌లైన్ ఫోన్ కదా, హైకమిషన్ ఎందుకు అని గ్రూపులో ఇంకొకరు రాశారు. 2025 మే 10న వాళ్ల డీజీఎంవో (సైనిక కార్యకలాపాల అధిపతి) ఫోన్ చేసిన మాట నిజమే. కాల్పులు ఆపడానికి సైన్యం ఫోన్ చాలు. అదే ఏడాది ఆగస్టులో తావి నదికి వరద ముంచుకొస్తోందని పాకిస్తాన్‌కి చెప్పాల్సొచ్చింది. సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టేశాం కాబట్టి ఆ దారి లేదు, ఇస్లామాబాద్ హైకమిషన్ ద్వారానే కబురు పంపాం. నీళ్లు ఆపుతామన్న ప్రభుత్వమే వరద కబురు పంపింది! నాకైతే ఇందులో తప్పేమీ కనిపించలేదు.

గూఢచారుల సంగతేంటంటారా? దౌత్యవేత్త ముసుగులో ఆ పని చేసేవాళ్లు ఉంటారు, 2025 మేలో ఢిల్లీలోని వాళ్ల హైకమిషన్ ఉద్యోగిని మనం వెళ్లగొట్టాం కూడా. అలాంటివాణ్ని పట్టుకుని పంపించడమే మందు. చెదపురుగు పట్టిందని ఇంటికి నిప్పు పెట్టుకోం. రెండువైపులా సిబ్బందిని 2020లో 110 నుంచి 55కి, పహల్గాం తర్వాత 30కి దించేశాం. సైనిక సలహాదారుల్ని పంపించేశాం. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు, హైకమిషనర్‌ని ఇప్పట్లో పంపక్కర్లేదు కూడా. ఆ 30 మందిలో జైళ్లు తిరిగేవాళ్లని మాత్రం తగ్గించొద్దు.

ఎందుకంటే ఇద్దరూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటారు. 2025 మేలో నాలుగు రోజులు క్షిపణులు, డ్రోన్లు చూసి, రెండు నెలలు కూడా తిరక్కముందే జూలై 1న అదే పని మామూలుగా చేశారు. టీవీల్లో దీని మీద ఒక్క డిబేట్ కూడా చూసిన గుర్తు లేదు నాకు. వాళ్లిచ్చిన జాబితాలో మన జాలర్లు 193 మంది. జాలర్లూ మిగతా ఖైదీలూ కలిపి శిక్ష పూర్తయినా ఇంకా లోపలే ఉన్నవాళ్లు 159 మంది, వాళ్లని వదలమని మన విదేశాంగ శాఖ అడిగింది. మన అధికారి అప్పటికి ఒక్కసారి కూడా కలవలేకపోయినవాళ్లు మరో 26 మంది, మనవాళ్లే అని నమ్మాం కానీ అప్పటికి తేలలేదు. అలాంటివాళ్లని ముందు కలవనివ్వమని పాకిస్తాన్‌ని అడగాల్సింది ఇప్పుడు గ్రూపుల్లో మూసేయమంటున్న ఆ ఆఫీసే.