అంకెలు చెప్పని జోస్యాన్ని అంకెలకు అంటగట్టకండి

"బేస్‌బాల్‌లో గణాంకాలు ఉత్త గారడీ. లెక్కలను నమ్ముకున్న ఓక్లాండ్ జట్టు కప్పు గెలిచిందా? రేపటి మ్యాచ్ ఎవరిదో ఏ లెక్కా చెప్పలేదు. చూసేవాడికి కన్ను, ఆడేవాడికి గుండె ఉంటే చాలు." కప్పు పోరు జరిగే ప్రతి అక్టోబరులోనూ ఈ మాట ఎవరో ఒకరు నాకు పంపుతూనే ఉంటారు.

ముందు ఓక్లాండ్ సంగతి. 2002లో ఆ జట్టు జీతాల ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్‌ది 12 కోట్ల పైమాటే. సీజన్ ముగిసేసరికి రెండూ చెరి 103 మ్యాచ్‌లు గెలిచాయి. ఆ తర్వాత కప్పు కోసం జరిగే నాకౌట్ దశలో, అయిదు మ్యాచ్‌ల పోరులో ఓక్లాండ్ 2-3తో మిన్నెసోటా చేతిలో ఓడింది, నిజమే. యాంకీస్ కూడా అదే దశలో ఇంటిదారి పట్టింది. మరి డబ్బు గారడీ అని ఎవరూ అనరేం? ఒక్కో మ్యాచ్‌లో గెలుపు అవకాశం నూటికి 60 పాళ్లున్న జట్టు సైతం అంత చిన్న పోరును పదింట మూడుసార్లు పోగొట్టుకుంటుంది.

రేపటి మ్యాచ్ చెప్పలేరా? చెప్పలేరు. చెబుతామని ఎవరన్నారు? 162 మ్యాచ్‌ల సీజన్ ఎటు మొగ్గుతుందన్నదే అంకెల పని.

ఇక కన్ను. 500 అవకాశాల్లో ఒకరు 150 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడం) కొడితే గొప్ప బ్యాటర్, మరొకరు 137 కొడితే మామూలు బ్యాటర్. ఆరు నెలల సీజన్‌లో ఆ తేడా ఎంత? రెండు వారాలకు ఒక్క హిట్. బేస్‌బాల్ గణాంకాల పరిశోధకుడు బిల్ జేమ్స్ ఎప్పుడో చూపిన లెక్క ఇది. రోజూ మైదానంలో కూర్చున్నా కంటికి ఆనదు, స్కోరు పుస్తకానికే చిక్కుతుంది. పదిహేడేళ్ల కుర్రాడి భుజంలో ఏముందో మాత్రం అనుభవమున్న కన్నే ముందు పసిగడుతుంది, అది కాదనను.

చివరిది గుండె. నాకు బాగా నచ్చిన వాదన ఇదే, ఎందుకంటే దీనికి పరీక్ష జరిగింది. 2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ 712 పరుగులు చేసి 705 ఇచ్చింది. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన, ఇచ్చిన పరుగుల వర్గాల మొత్తంతో భాగిస్తే గెలుపు పాలు వస్తుందన్నది జేమ్స్ సూత్రం. దాని ప్రకారం 82 గెలుపులు రావాలి, వచ్చినవి 93. ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లలో ఏకంగా 29 గెలిచి 9 ఓడింది. అదంతా గుండె ధైర్యమేనన్నారు అభిమానులు. మరుసటి ఏడాది మేనేజరు అతనే, ముఖ్య ఆటగాళ్లూ దాదాపు వాళ్లే. అలాంటి మ్యాచ్‌లలో 20 గెలిచి 31 ఓడింది.