ఫ్యాన్లకి లైట్లు కావాలి, ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఫ్రీగా రావాలి

నిన్న రాత్రి పదిన్నరకి బావగారి ఫోన్. "నువ్వు చెప్పిన గ్రాఫిక్స్ కార్డు శుద్ధ దండగ. గేమ్ పెట్టగానే సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతోంది. మా అబ్బాయి అన్నం కూడా తినట్లేదు."

కార్డు నేనే చెప్పాను, ఒప్పుకుంటా. ఆర్‌టీఎక్స్ 3060. దాని కిందే మంచి కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లో అన్నిటికీ కరెంటు పంచే డబ్బా) కొనమని కూడా రాశాను. వాట్సాప్‌లో ఇంకా ఉంది, బ్లూ టిక్కులతో సహా.

సైడు ప్యానెల్ తీసి ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫొటో పంపమన్నా. పైన బొద్దక్షరాల్లో 450 వాట్లు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో అసలు కథ: 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు. గుణించండి. 192 వాట్లు! కార్డు ఒక్కదానికే 170 కావాలి. ప్రాసెసర్ రైజెన్ 5 5600కి కాగితం మీదే 65. మిగతా వాట్లన్నీ ఎక్కడో 5, 3.3 వోల్టుల లైన్లలో ఉన్నాయట, ఈ రోజుల్లో వాటితో పనెంత? వంద విస్తళ్లు వేసి నలభై మందికి వండినట్టుంది. గేమ్ మొదలవగానే కార్డు ఒక్కసారిగా గుంజుతుంది, 12 వోల్టులు జారిపోతాయి, బోర్డు కళ్లు తిరిగి పడిపోతుంది. నింద కార్డుకి. అంటే నాకు.

"సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో షాపతను కేబినెట్‌తో ఫ్రీగా ఇచ్చాడు కదా, వదులుకోవడం ఎందుకు?" అట. పైగా పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు ఎక్కువొస్తుందని కూడా అతనే జ్ఞానబోధ చేశాడట. పెద్ద బిందె కొంటే దాహం పెరుగుతుందా బావా? సిస్టమ్ ఎంత అడిగితే అంతే లాగుతుంది. సర్లెండి, నేను చెబితే ఎవరు వింటారు, నేను డబ్బులు తీసుకోను కదా.

ఇంకొందరుంటారు, 80 ప్లస్ స్టిక్కరు చూసి కళ్లకద్దుకునేవాళ్లు. అది గోడలోంచి లాగిన కరెంటులో ఎంత వేడిగా పోతోందో చెప్పే మార్కు. షార్టయితే లోపల కాపాడే సర్క్యూట్ ఉందా లేదా అన్నది దానికి పట్టదు.

మరి మిగిల్చిన మూడున్నర వేలు ఏం చేశారు? రంగుల లైట్ల ఫ్యాన్లు! నాలుగు! అద్దంలోంచి కనబడతాయి కదా. ఎస్‌ఎంపీఎస్ కింద రేకు డబ్బాలో దాక్కుంటుంది, పాపం దాన్నెవరు చూస్తారు.

కనిపించని దానికి రూపాయి తీయకపోవడం అంటే మా ఓనరు గారి తర్వాతే ఎవరైనా. లిఫ్టు ముందు పాలరాయి, గేటుకి ఇత్తడి సింహాలు. ఇంట్లో ఎర్తింగ్ లేదు. ప్లగ్గులో మూడో పిన్నుకి కన్నం ఉంది, వెనక వైరు లేదు. ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్‌లోనైనా ఫిల్టర్ నుంచి కాస్త కరెంటు కేబినెట్ రేకు మీదికి వస్తుంది, అది భూమిలోకి పోవడానికే ఆ మూడో వైరు. మా ఇంట్లో అది నా మోచేతిలోంచి పోతుంది. మూడేళ్లుగా మొత్తుకుంటున్నా. ఆయన సమాధానం, అక్షరం మార్చకుండా: "చెప్పులేసుకుని వాడుకోండి." అద్దె మాత్రం ఏటా తప్పకుండా పెంచుతారు, దానికి ఏ వైరూ అక్కర్లేదు.

ఆదివారం వచ్చి చూడమన్నారు బావగారు. అక్క గుత్తి వంకాయ చేస్తానంది కాబట్టి వెళ్తున్నా. ఆ ఫ్రీ డబ్బా పీకేసి 550 పెట్టేదాకా ముద్ద ముట్టనని చెప్పా. సరేనన్నారు గానీ, "వచ్చేటప్పుడు నువ్వే కొనుక్కురా, తర్వాత చూసుకుందాం" అన్నారు.