"ఇంకెంత, అయిపోయిందిగా" అనకండి

ఈ సాయంత్రం కొండ అంచున టెంట్ వేసుకున్నాక కాస్త సిగ్నల్ దొరికింది. ఫోన్ ఆన్ చేయగానే వరసగా మెసేజ్‌లు. "ఇంకెంత, అయిపోయిందిగా!" "74 కిలోమీటర్లేనా? రెండు రోజుల్లో కొట్టేస్తావ్." "ఒక్క రాత్రి నిద్ర మానుకుంటే ఎల్లుండికల్లా ఇంట్లో ఉంటావ్." అందరూ ప్రేమతోనే రాశారని తెలుసు. అయినా చదువుతుంటే కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో నిదానంగా చెబుదామనే ఇంత పొడుగు పోస్ట్ రాస్తున్నాను.

ఈ కాలిదారి మీద నడక మొదలుపెట్టి ఇవాళ్టికి 46 రోజులు. నడిచింది 1,040 కిలోమీటర్లు. మిగిలిన 74కి నేను నాలుగు రోజులు పెట్టుకున్నాను. నెల కిందట రోజుకు పాతిక నడిచిన మనిషికి ఇప్పుడు పద్దెనిమిది, పంతొమ్మిది చాలా అని అడుగుతున్నారు. లెక్క చెబుతాను. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు కొండల్లో నడిచేవాళ్లకు ఒక సులువైన సూత్రం ఇచ్చాడు. గంటకు 5 కిలోమీటర్లు, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. నా ముందు ఇంకా 3,600 మీటర్ల ఎక్కుడు ఉంది. అంటే దాదాపు 21 గంటల నడక. ఇందులో వీపు మీద బరువు లేదు, అరిగిపోయిన కాళ్లు లేవు, జారే మట్టి లేదు, నీళ్లు పట్టుకోవడానికి ఆగే పావుగంటలు లేవు. దీన్ని రెండు రోజుల్లో ఎలా కొట్టేయాలో మీరే చెప్పండి.

నిజానికి నాకు తొందర లేక కాదు. గమ్యం దగ్గరపడేకొద్దీ వేగం పెరగడం ప్రాణికి సహజం. క్లార్క్ హల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1932లోనే దీన్ని సిద్ధాంతంగా చెప్పాడు. తిండి ఉన్న చోటు దగ్గరయ్యేకొద్దీ ఎలుకలు ఇంకా జోరుగా పరుగెత్తడం ప్రయోగాల్లో చూపించాడు. ఆ పరుగు వారం రోజులుగా నా కాళ్లలో ఉంది. పొద్దున్నే టెంట్ మడిచేటప్పుడే చేతులు గబగబా కదులుతున్నాయి. మేకులు లెక్కపెట్టకుండా సంచిలో వేసేయబోయి రెండుసార్లు ఆగాను. అసలే మండుతున్న దానికి ఆజ్యం పోయకండి అని మాత్రమే అడుగుతున్నాను.

ఈ భయం నాకు ఊరికే పట్టుకోలేదు. మూడేళ్ల కిందట ఒక స్నేహితుడితో కలిసి 600 కిలోమీటర్ల దారి నడిచాను. 27వ రోజున ఒక నిర్ణయం తీసుకున్నాం. చివరి దూరం ఎలాగూ ఆగకుండా నడిచేస్తాం, టెంట్ మోయడం ఎందుకని దారిలో ఎదురైన వేరే ఇద్దరికి ఇచ్చేశాం. వాళ్ల టెంట్ గాలికి చిరిగిపోయింది, మంచి పనే చేశామనుకున్నాం. రెండు కిలోల బరువు తగ్గింది. ఆ సంతోషంలో మర్నాడు 29 కిలోమీటర్లు నడిచాం. సాయంత్రం ఐదున్నరకు వాగు పక్కన చదునైన నేల కనిపించింది. గాలి తగలని చోటు, తలకింద రాయి లేని చోటు. మిగిలింది 14 కిలోమీటర్లు. టెంట్ లేకపోయినా అక్కడే ఏదో ఒకటి కప్పుకుని పడుకుందామని అతను అన్నాడు. "ఇంకెంత, అయిపోయిందిగా" అన్నది నేనే.

గమ్యానికి 9 కిలోమీటర్లు ఉందనగా చీకట్లో దిగుడు వచ్చింది. హెడ్‌ల్యాంప్ వెలుగులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తడి వేరుకీ మట్టికీ తేడా తెలియదు. కాలు వేరు మీద పడింది, చీలమండ లోపలికి మడత పడింది, శబ్దం నాకే వినిపించింది. ఆ తర్వాత వాన మొదలైంది. తెల్లారి సాయం వచ్చేదాకా ఒకే ఒక్క పల్చని ఎమర్జెన్సీ రేకు దుప్పటిలో ఇద్దరం ఆనుకుని కూర్చున్నాం. నేను వణుకుతుంటే అతను నా చేతులు రుద్దుతూనే ఉన్నాడు, ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. ఆ రాత్రంతా నేను తలుచుకున్నది దారి ముగిసే చోట ఉండే స్తంభాన్నీ కాదు, అక్కడ దిగే ఫొటోనీ కాదు. ఇచ్చేసిన ఆ టెంట్‌ని.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మేము ఏరు దాటక ముందే ఓడని వదిలేశాం.

కాబట్టి ఈసారి నా బ్యాగ్‌లోంచి ఒక్క వస్తువు కూడా తగ్గలేదు. పైగా ఇప్పుడే వాటిని ఎక్కువ చూసుకోవాలి. ఇన్ని రోజుల ఎండకి టెంట్ పైగుడ్డ మీద నీళ్లు ఆపే పూత పలచబడింది. జిప్పులో ఇసుక చేరి పళ్లు అరిగాయి. చెమట, జిడ్డు, తేమ పట్టి స్లీపింగ్ బ్యాగ్ మొదటి రోజున్నంత పొంగుగా లేదు, అంటే మొదటి రోజున్నంత వెచ్చగానూ ఉండదు. నీటి ఫిల్టర్ సంగతి చాలామందికి తెలియదు. లోపల సన్నటి గొట్టాల్లాంటి పోగులుంటాయి. తడిగా ఉన్నప్పుడు ఒక్కసారి గడ్డకడితే అవి పగులుతాయి, ఆ పగులు బయటికి కనిపించదు, నీళ్లు మాత్రం మామూలుగానే వస్తుంటాయి. అందుకే చలి రాత్రుల్లో దాన్ని ఒక కవర్లో చుట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో నాతోపాటే పడుకోబెడతాను. సామాన్లు బాగా అలిసిపోయిన సమయం ఇదే, మనిషి వాటి మీద శ్రద్ధ వదిలేసే సమయమూ ఇదే.

శరీరం సంగతీ అంతే. నెలన్నర నడిచాక ఆయాసం ఎక్కడా రాదు, ఎక్కుళ్లు సాఫీగా ఎక్కేస్తాం, నాకేమీ కాదనిపిస్తుంది. కానీ గుండె, ఊపిరి అలవాటు పడినంత త్వరగా ఎముకలు, స్నాయువులు అలవాటు పడవు.

అమెరికాలో అపలేచియన్ ట్రైల్ అని 14 రాష్ట్రాల మీదుగా పోయే కాలిదారి ఉంది. దాదాపు 3,500 కిలోమీటర్లు. దక్షిణం నుంచి నడిచేవాళ్లకు చివర్లో మెయిన్ అనే రాష్ట్రంలో 100 మైళ్ల అడవి వస్తుంది. ఆ అడవి మొదట్లో ఒక బోర్డు ఉంటుంది, కనీసం పది రోజులకు సరిపడా సామగ్రి లేకుండా లోపలికి అడుగు పెట్టొద్దని. మూడు వేలకు పైగా కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషికి కూడా అదే మాట. ఆ అడవి దాటాక కటాడిన్ కొండ. పైన ఒక చెక్క బోర్డు, దాని మీద చేతులు వేసి ఏడ్చేవాళ్ల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ ఫొటోల్లో పడని సంగతి ఒకటుంది. ఆ బోర్డు దగ్గర్నుంచి మళ్లీ 8 కిలోమీటర్ల దాకా రాళ్ల మీద కిందికి దిగాలి. బోర్డు దగ్గర దారి అయిపోతుంది గానీ రోజు అయిపోదు.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ఉత్తరం నుంచి బయల్దేరేవాళ్లకు అదే కొండ, అదే అడవి మొదటి రోజులు. వాళ్లు భయంగా, ఒక్కో రాయీ చూసుకుంటూ నడుస్తారు. ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 1954లో అలా కటాడిన్ వైపు నుంచే మొదలుపెట్టి, దారి తప్పి, నడక మానుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది 67 ఏళ్ల వయసులో దక్షిణం నుంచి వచ్చి, మొత్తం దారి ఒంటరిగా నడిచి, అదే కొండ మీద ముగించారు. అవే రాళ్లు ఆవిడకు ఒకసారి మొదలు, ఇంకోసారి ముగింపు. మన లెక్కలో ఎన్నో రోజో ఆ రాళ్లకు ఏం తెలుసు?

హెన్రీ వోర్స్‌లీ గురించి కూడా రాయాలి. రాయడం బాధగానే ఉంది. ఈ బ్రిటిష్ మాజీ సైనికాధికారి అంటార్కిటికాని ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా దాటుదామని బయల్దేరి 71 రోజులు స్కీల మీద స్లెడ్జి లాగుతూ వెళ్లారు. ఇంకా 30 మైళ్లు, అంటే 50 కిలోమీటర్ల లోపే మిగిలి ఉండగా టెంట్‌లోంచి కదలలేని స్థితిలో సాయం పిలిచారు. విమానంలో చిలీకి తరలించారు. పొత్తికడుపు లోపలి పొరకు ఇన్ఫెక్షన్ సోకి 2016 జనవరి 24న కన్నుమూశారు. ఆయన తొందరపడ్డారని నేను అనడం లేదు, ఆ మాట అనే అర్హత నాకు లేదు. దాటేసిన పదిహేను వందల కిలోమీటర్లు ఆ చివరి యాభైని తేలిక చేయలేదు, నేను చెప్పేది అంతే. ఆయన ఆదర్శంగా పెట్టుకున్న పాతతరం ధ్రువ యాత్రికుడు షాకిల్టన్ 1909 జనవరి 9న దక్షిణ ధ్రువానికి 97 నాటికల్ మైళ్ల దూరంలో ఆగి వెనక్కి తిరిగాడు. ఎవరూ చూడని ధ్రువం, 180 కిలోమీటర్ల దూరంలో. తిండి సరిపోదని తెలిసి తిరిగాడు. వెంట ఉన్న ముగ్గురితో సహా ప్రాణాలతో ఇల్లు చేరాడు. ఆ రోజు ఎవరైనా ఆయన పక్కన నిలబడి "ఇంకెంత" అని ఉంటే?

జాగ్రత్త ఒక్కటే నా కారణం అనుకోకండి. నాకు ఈ చివరి రాత్రులు కావాలి. వీటి కోసమే వచ్చాను. మొదటి వారం టెంట్‌లో నిద్రే పట్టలేదు. ఆకు కదిలినా లేచి కూర్చునేదాన్ని. ఇప్పుడు పైగుడ్డ చప్పుడు వింటే గాలి ఏ పక్కనుంచి వస్తోందో తెలుస్తుంది. నేల మీద అరచెయ్యి పెడితే రాత్రి చెమ్మ ఎంత పడుతుందో అంచనా వేయగలను. చీకట్లో చూడకుండా ప్రతి వస్తువూ చేతికి అందుతుంది, ల్యాంప్ ఎడమ పక్కన, నీళ్లు తలదగ్గర, బూట్లు గుమ్మంలో బోర్లించి. ఈ నేర్పు రావడానికి నలభై రోజులు పట్టింది. నాలుగు రాత్రులైనా దీన్ని అనుభవించనివ్వరా? రాత్రంతా నడిచి ముగించేయమంటే, వండిన వంట తినకుండా లేచిపోమన్నట్టుంది నాకు.

ఇంకో చిరాకు కూడా చెప్పేస్తాను. దారి చివర్లో ఉన్న క్యాంప్ స్థలాలు మిగతావాటికన్నా మురికిగా ఉంటున్నాయి. రేపు వెళ్లిపోయేవాళ్లం కదా అని మలవిసర్జనకు గొయ్యి తవ్వరు. నీటికి అరవై మీటర్ల దూరం పోవాలని, పదిహేను ఇరవై సెంటీమీటర్ల లోతు తవ్వాలని నెల రోజులు పాటించినవాళ్లే చివరి రాత్రి వాగు ఒడ్డునే కానిచ్చేస్తారు. మిగిలిన గ్యాస్ డబ్బా చెట్టు మొదట్లో వదిలేస్తారు. నిన్న నేను అలాంటివి రెండు ఏరి బ్యాగ్‌లో వేసుకున్నాను. మీకు చివరి రాత్రి అయితే, ఎదురుగా వచ్చేవాళ్లకు అదే మొదటి రాత్రి కదండీ!

నడుస్తున్నవాళ్లకు మెసేజ్ పెట్టొద్దని నేను అనడం లేదు. పెట్టండి. వారాల తరబడి మనిషి గొంతు వినని వాళ్లకు అదెంత బలమో చెప్పలేను. ఈ మెసేజ్‌ల మధ్యలో మా పిన్ని పెట్టినది ఒకటి ఉంది. "కాళ్లు ఎలా ఉన్నాయే? రాత్రి చలేస్తోందా? ఇవాళ ఏం చూశావ్?" అని. ఎంత మిగిలిందని అడగలేదు. ఆ ఒక్కదానికే పెద్ద జవాబు రాశాను. మడమ మీద పాత బొబ్బ మానిందని, పొద్దున మంచులో ఒక జింక నా టెంట్‌కి పది అడుగుల దూరంలో నిలబడి చాలాసేపు నన్నే చూసిందని.

నాతో ఆ రాత్రి రేకు దుప్పటిలో కూర్చున్న స్నేహితుడు కూడా ఇవాళ మెసేజ్ పెట్టాడు. "టెంట్ ఉందా?" అని రెండే మాటలు. ఉంది అన్నాను.

రేపు 17 కిలోమీటర్లు. మధ్యాహ్నం దాటాక ఒక పొడుగు దిగుడు ఉంది, వెలుతురు ఉండగానే దిగిపోవాలి. కింద వాగు పక్కన చదునైన నేల ఉందని మ్యాప్‌లో కనిపిస్తోంది. నాలుగింటికల్లా అక్కడికి చేరితే అక్కడే టెంట్ వేస్తాను. చలి మొదలైంది, ఫిల్టర్ లోపల పెట్టుకున్నాను. ఫోన్ ఆపేస్తున్నా, మళ్లీ సిగ్నల్ ఎప్పుడు దొరికితే అప్పుడు.