70 మిల్లీమీటర్ల ధర్మసంకటం

చిన్న టెలిస్కోప్ ఉన్నవాడు దానికే హంగులు చేర్చుకోవాలా, లేక దాన్ని అటకెక్కించి పెద్దది తెచ్చుకోవాలా? ఈ ప్రశ్న మీద నేను 11 నెలలుగా అధ్యయనం చేస్తున్నాను. ఆ 11 నెలల్లో టెలిస్కోప్‌ను బయటికి తీసింది నాలుగుసార్లు. అధ్యయనానికి ఆకాశం అడ్డు రాకూడదు కదా.

వివాదంలో ఉన్న ఆస్తి వివరాలివి. 70 మిల్లీమీటర్ల లెన్స్, 700 మిల్లీమీటర్ల ఫోకల్ లెంత్ (లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం), కన్ను ఆనించి చూసే ఐపీస్‌లు రెండు, బొమ్మను మరో మూడు రెట్లు పెంచే బార్లో అనే లెన్స్ ఒకటి, గాలి వీచకముందే వణికే ట్రైపాడ్ ఒకటి. అట్టపెట్టె మీద ‘525 రెట్లు’ అని ఉంది. లెక్కలో మోసమేమీ లేదు. 700ని 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో భాగిస్తే 175, దాన్ని బార్లోతో మూడింతలు చేస్తే అక్షరాలా 525. భాగహారం, గుణకారం రెండూ సరిపోయాయి. శనే కనబడలేదు. లెన్స్ వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాకానే పెద్దది చేయడంలో అర్థముంటుందట, అంటే మనకు 140. అది దాటాక పెరిగేది మసకే. పాత గ్రూప్ ఫొటోలో మూలనున్న మనిషిని లాగి లాగి పెద్దది చేసినట్టు, ముఖం పెద్దదవుతుంది గానీ ఎవరో మాత్రం తేలదు.

అయినా మొదటిరాత్రి 175తోనే మొదలుపెట్టాను. లెన్స్‌కు ముందుండే మూత నడుమ ఇంకో బుల్లి మూత ఉంటుంది. దాన్ని భక్తిగా ఊడదీసి, గురి చూసి, శనిని పట్టాను. ఫోకస్ మరను చిటికెనవేలితో అలా తాకానో లేదో, శని పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. ఊపిరి బిగబట్టి ఐదు సెకన్లు ఆగాను. ఊగడం ఆగాక, ఫోకస్ కుదరలేదని తెలిసింది. మళ్లీ తాకాను. మళ్లీ పూనకం. ఈలోగా భూమి తన పని తాను చేసుకుపోతోంది. ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల చొప్పున జరుగుతుంది (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను), నా ఐపీస్‌లో పట్టే ఆకాశం పావు డిగ్రీ. ఆ లెక్కన శని ఈ అంచున దిగి ఆ అంచున ఎక్కిపోవడానికి నిమిషం. ఆ నిమిషంలో ముప్పావు వంతు వణుకుకే పోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు సరే, మద్దెల నిజంగానే ఓడైతే ఏం చేయాలో ఆ అన్నవాళ్లు చెప్పలేదు.

హంగుల పక్షం వాళ్ల దగ్గర దీనికి మందుంది. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా చాపకు, మరలన్నీ బిగించు, నడుమ నుంచి ఇసుక సంచి వేలాడదియ్యి అంటారు. చేసి చూశాను, వణుకు సగానికి సగం తగ్గింది. కానీ డబ్బు ఖర్చు కాని పరిష్కారాన్ని ఈ వ్యాపకంలో పరిష్కారమనరు. అందుకని ఐపీస్‌ల వైపు తిరిగాను. ఐపీస్‌ల గొప్పతనం ఏమిటంటే, వాటి గొట్టం ఒకటింబావు అంగుళం కొలతే మామూలు. ఇవాళ దీనికి కొన్న ప్లోస్ల్ రకం ఐపీస్ రేపు పెద్ద టెలిస్కోప్ వచ్చినా దానికీ పనికొస్తుంది. ఈ ఒక్క వాదనతో ఎన్ని కొన్నా తప్పు లేదు. ఆలూ లేదు చూలూ లేదు, ఐపీస్ పేరు సోమలింగం. ఆపైన వెలుగును ఐపీస్ వైపు మళ్లించే డయాగనల్ మార్చాలి, గొట్టాన్ని మోసే మౌంట్ మార్చాలి, మంచి మౌంట్ వచ్చాక దానిమీద ఈ గొట్టం ఏం బాగుంటుందని గొట్టమూ మార్చాలి. హంగుల దారిలో చివరిదాకా నడిస్తే పాతదాంట్లో మిగిలేది ముందున్న మూత ఒక్కటే.

ఈ తగువు కొత్తదేం కాదు. మామూలు లెన్స్ బొమ్మ చుట్టూ రంగులు చిమ్ముతుంది. గొట్టం పొడుగు చేస్తే ఆ జాడ్యం తగ్గుతుందని 17వ శతాబ్దంలో హెవీలియస్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 45 మీటర్ల టెలిస్కోప్‌ను స్తంభానికి వేలాడగట్టాడు. చిన్న గాలికే ఊగేదట. నా ట్రైపాడ్‌కు మూలపురుషుడు ఆయనే. 1668లో న్యూటన్ ఈ లెన్స్‌ల గొడవే వద్దని అద్దంతో జానెడు టెలిస్కోప్ చేసుకున్నాడు. మార్పిడి పక్షానికి అధ్యక్షుడన్నమాట. రంగు జబ్బుకు మందు లేదని ఆయన తేల్చేశాక, 1758లో డాలండ్ అనే ఇంగ్లండు లెన్స్‌ల తయారీదారు రెండు రకాల గాజు జతచేసిన లెన్స్‌కు పేటెంట్ పుచ్చుకున్నాడు. నా దాంట్లో ఉన్నదీ ఆ జాతి లెన్సే.

నేను మార్పిడి పక్షంలోకి దూకింది 2025 నవంబరులో. ఆ నెల శనికి వలయాలు లేవు. ఎంత చూసినా ఉత్త గుండు. వలయాలు కూడా చూపించలేని టెలిస్కోప్ ఎందుకని, ఆ రాత్రికి రాత్రే 150 మిల్లీమీటర్ల అద్దమున్న టెలిస్కోప్‌కు నిశ్చయించాను. వెలుగు నాలుగున్నర రెట్లకు పైమాట. తీరా చూస్తే, పదిహేనేళ్లకోసారి ఆ వలయాలు మనకు పక్కవాటుగా తిరిగి, కాగితం అంచులా దాదాపు మాయమవుతాయట. గెలీలియోకూ ఇదే జరిగింది. 1610లో శనికి రెండు పక్కలా ఏవో ఉన్నాయన్నాడు, 1612లో చూస్తే అవి లేవు. శని తన పిల్లల్ని మింగేశాడా అని ఉత్తరంలో వాపోయాడు. పాపం, ఆయన దగ్గర నింద వేయడానికి బార్లో కూడా లేదు.

పెద్దది కొనే పని ఆగింది. మొన్న మా అక్క కూతురు వచ్చింది, ఎనిమిదేళ్లది. చంద్రుణ్ని చూపిస్తానన్నాను. బుల్లి మూత ఊడదీస్తుంటే అడిగింది.

“మావయ్యా, ఈ పెద్ద మూత ఊడదా?”

“అది మూత కాదమ్మా, టెలిస్కోప్‌లో భాగం.”

ఆ భాగం టప్‌మని ఆమె చేతిలోకి వచ్చింది.

స్కేలు తెచ్చి కొలిచాను. బుల్లి మూత కన్నం 35 మిల్లీమీటర్లు. 11 నెలలుగా నేను అధ్యయనం చేసింది ఆ కన్నాన్ని. లెన్స్ వ్యాసం రెట్టింపైంది, వెలుగు నాలుగింతలైంది. హంగుల పద్దులో అలాగే రాసుకున్నాను, ఖర్చు గడి ఖాళీగా వదిలేసి.

చంద్రుడు కళ్లు చెదిరేలా ఉన్నాడు. అంచున మాత్రం సన్నగా ఊదారంగు గీత. ఇన్నాళ్లూ అది లేదు. చిన్న కన్నం దాచిన రంగు జబ్బు, పూర్తి లెన్స్‌తో బయటపడింది. అపోక్రోమాట్ అనే ఖరీదైన లెన్స్ ఉంటే ఈ గీత ఉండదని, ఆ లెక్కన మొత్తం టెలిస్కోపే మార్చాలేమోనని పాపకు వివరంగా చెప్పాను. అంతా విని, చేతిలో మూతను అటూ ఇటూ తిప్పింది.

“అయితే ఇది మళ్లీ పెట్టేద్దామా మావయ్యా?”

ప్రతిపాదన పరిశీలనలో ఉంది.