ఎక్స్‌టర్నల్ డ్రైవు ఎంపిక: తొందరపడనివారి శాస్త్రం

కంప్యూటరున్న ప్రతి ఇంట్లోనూ ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవు కొనాలన్న సంకల్పం ఉంటుంది. డ్రైవు మాత్రం ఉండదు. దీన్ని బద్ధకమని ఎగతాళి చేసేవారు విషయాన్ని పైపైన చూసినవారే. కంప్యూటరు మొరాయించిన రోజున దానితోనే యంత్రాన్ని లేపాలి (దీన్నే బూట్ చేయడం అంటారు), పిల్లల ఫొటోలూ పొలం కాగితాల స్కాన్‌లూ జీఎస్టీ లెక్కలూ అందులోనే పదిలంగా ఉండాలి అంటూ రెండు బాధ్యతలను ఒకే వస్తువు నెత్తిన పెట్టబోతున్నప్పుడు, దాన్ని ఆషామాషీగా ఎంచుకోవడం కుదరదు. ఆలోచించాలి, పోల్చి చూడాలి, యూట్యూబులో తెలిసినవారు చెప్పేది వినాలి, వారిని తప్పుపట్టే ఇతర తెలిసినవారిని కూడా వినాలి. ధర తగ్గుతుందేమోనని దసరా దాకా, దసరాకు తగ్గిందని తెలిశాక సంక్రాంతికి ఇంకా తగ్గుతుందేమోనని ఆగాలి. ఈలోగా కంప్యూటరు లోపలి డ్రైవు కన్నుమూస్తే అది దాని తొందరపాటే తప్ప కొనుగోలుదారుడి జాప్యం కాదు.

ఈ శాస్త్రంలో మొదటి అధ్యాయం పరిమాణం. అట్టపెట్టె మీద 1 టీబీ అని ఉన్న డ్రైవును విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే 931 జీబీ అని చూపిస్తుంది. తయారీదారుడు వెయ్యి చొప్పున లెక్కకట్టి నిజంగానే లక్ష కోట్ల బైట్లు ఇచ్చాడు. విండోస్ దాన్ని 1,024 చొప్పున భాగిస్తూ పోయింది. మధ్యలో ఎవరూ ఏమీ కాజేయలేదు. అయితే లక్ష కోట్లు అన్న అంకె మనకు కుంభకోణాల వార్తల ద్వారానే పరిచయం కాబట్టి, మిగతా 69 జీబీ ఎవరు తిన్నారన్న విచారణ మొదలవడం సహజం. మ్యాక్‌లో 2009 నుంచీ వెయ్యి లెక్కే పాటిస్తున్నారు గనుక అదే డ్రైవు అక్కడ నిండుగా 1 టీబీ అని కనిపిస్తుంది, దాని యజమాని అంతే స్థలంలో ఎక్కువ సంతృప్తితో జీవిస్తాడు. బ్యాకప్ డ్రైవు కంప్యూటరు లోపలి డ్రైవుకు కనీసం రెట్టింపు ఉండాలని యాపిల్ చెబుతుంది, ఎందుకంటే మ్యాక్‌తో వచ్చే బ్యాకప్ ప్రోగ్రాం టైమ్ మెషీన్ ఫైళ్ల పాత ప్రతులను కూడా దాచుతుంది. ఈ ఒక్క వాక్యంతో అధ్యాయం ముగిసిపోతుంది కాబట్టే దీన్ని ఎవరూ చదవరు.

రెండో అధ్యాయం వేగం, అది సముద్రం. 2008లో యూఎస్‌బీ 3.0 పేరుతో సెకనుకు 5 గిగాబిట్ల దారి ఏర్పడింది. 2013లో 10 గిగాబిట్ల 3.1 వచ్చింది; రాగానే పాతదాన్ని 3.1 జెన్ 1, అంటే మొదటి తరం, అని పిలవమన్నారు. 2017లో 3.2 వచ్చేసరికి అదే పాతది 3.2 జెన్ 1 అయి కూర్చుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారి, రేషన్ షాపులో అవే బియ్యం తూచడం చూసిన తెలుగువారికి ఇందులో వింతేమీ కనిపించకూడదు. అయినా 3.0 కన్నా 3.2 ఎంతో పైమెట్టు మీద ఉన్నదని నమ్మి, ఆ మెట్లకు విడిగా డబ్బు చెల్లించే ఉదారులు మనలో ఉన్నారు. వీరి కోసమే కాబోలు జెన్ 2×2 అనే 20 గిగాబిట్ల రకం కూడా తెచ్చారు. దాన్ని చాలా మ్యాక్‌లు గుర్తుపట్టక 10 దగ్గరే ఆగిపోతాయి. ఇక టైప్-సీ అనేది మూతి ఆకారమే. దాని వెనుక 480 మెగాబిట్ల పాత వేగం ఉందో 40 గిగాబిట్ల కొత్త వేగం ఉందో బయటికి తెలియదు. డ్రైవుతో పాటు వచ్చిన జానెడు కేబులును పోగొట్టుకుని, చేతికందిన ఫోను ఛార్జింగు కేబులు తగిలించి, తిరిగే భాగాలేవీ లేని ఖరీదైన డ్రైవు, అంటే ఎస్ఎస్‌డీ, చేత సెకనుకు 40 మెగాబైట్ల వేగంతో పని చేయించుకునేవారు ఈ సత్యాన్ని ఆచరణలో నిరూపిస్తున్నారు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక కౌంటరు ముందు నిలబడితే ఈ శాస్త్రం ఎంత త్వరగా తేలిపోతుందో చూడవచ్చు. కొనేవారు జెన్ల సంగతి ఎత్తుతారు. అద్దాల బల్ల అవతలి కుర్రాడు ఒక చేత్తో ఫోను మాట్లాడుతూ, రెండో చేత్తో ఒక పెట్టెను ఇటు తోస్తాడు. "ఇదే పోతున్నది సార్, మూడేళ్ల వారంటీ." దీనితో కంప్యూటరు బూట్ అవుతుందా అని అడిగితే, "అన్నీ అయితయ్ సార్" అంటాడు. అతను అబద్ధమాడలేదు, ప్రశ్న వినలేదు, అంతే. పెట్టెలో ఉన్నది పళ్లెం తిరిగే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్. అది సెకనుకు 130 మెగాబైట్లకు అటూ ఇటూ, అంటే బైటుకు ఎనిమిది బిట్ల లెక్కన గిగాబిట్‌కు కాస్త పైన మాత్రమే ఇవ్వగలదు. దానికి 5 గిగాబిట్ల దారే ఎక్కువ. 20 గిగాబిట్ల దారి గురించి చేసిన పరిశోధనంతా పారితోషికం లేని విద్యాదానం. ఇక వారంటీ విషయానికొస్తే, అది డ్రైవుకే గాని అందులోని ఫైళ్లకు కాదు. డ్రైవు పోతే మరో డ్రైవు ఇస్తారు, దాని నిండా ఖాళీయే ఉంటుంది.

బూట్ చేయడానికీ బ్యాకప్‌కూ ఒకే డ్రైవు సరిపోతుందన్నది మనవారి దృఢవిశ్వాసం. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు రాలకపోతే రాయి విసరడమే దండగని మనం నమ్ముతాం. కాని ఈ రెండు పనులూ ఒకదాని ముఖం ఒకటి చూడవు. కంప్యూటరు లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లను అక్కడక్కడి నుంచి ఏరుకోవాలి. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం మీద చదివే సూది సెకనుకు వంద లోపు చోట్లకు మాత్రమే వెళ్లి రాగలదు, ఎస్ఎస్‌డీ వేల చోట్లను తడుముతుంది. అందువల్ల హార్డ్ డిస్క్ మీద నేటి మ్యాక్ఓఎస్‌ను లేపినవారు స్నానం, టిఫిన్ ముగించుకుని రావచ్చు. బ్యాకప్‌కు ఇంత చురుకు అవసరం లేదు, అక్కడ చవకైన పళ్లెమే మేలు. అంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది: బూట్ చేసే డ్రైవు పని జరిగినంతసేపూ తగిలించే ఉండాలి, బ్యాకప్ డ్రైవు పని కాగానే విప్పేసి పక్కన పెట్టాలి. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని చేతికి చిక్కాయి. అటువంటి వైరస్‌కు లోపలి డ్రైవు, బయటి డ్రైవు అనే భేదబుద్ధి లేదు. తగిలించి ఉన్నదల్లా తాళం వేసుకుంటూ పోతుంది. బ్యాకప్ డ్రైవును ఏడాది పొడుగునా కంప్యూటరుకు వేలాడదీసి నిశ్చింతగా ఉండేవారు, ఆ వైరస్‌కు పని రెట్టింపు చేసిన పుణ్యం కట్టుకుంటారు.

మన నిదానం వల్ల కలిగిన గొప్ప మేలు ఇంకొకటి ఉంది. మనం ఎంపికలో మునిగి ఉండగానే, బయటి డ్రైవు నుంచి కంప్యూటరును లేపే సౌకర్యాన్ని తయారీదారులే ఒక్కొక్కటిగా సర్దేశారు, దాంతో మన శ్రమ చాలావరకు తగ్గింది. 2006 నాటి ఇంటెల్ మ్యాక్‌లలో ఆప్షన్ మీట నొక్కిపట్టుకుంటే యూఎస్‌బీ డ్రైవు తెరమీద ప్రత్యక్షమయ్యేది. తర్వాత టీ2 అనే యాపిల్ భద్రతా చిప్ వచ్చింది. బయటి డ్రైవు నుంచి లేవడం నిషేధమన్నది ముందస్తు అమరికగా మారింది. దాన్ని ముందుగానే రికవరీ అనే మరమ్మతు తెరలోకి వెళ్లి సడలించుకోవాలి, అంటే ప్రమాదం జరగబోయే సంగతి ముందే తెలిసి ఉండాలి. 2020లో యాపిల్ సొంత ప్రాసెసర్ ఎం1 వచ్చాక ఏర్పాటు ఇంకా పకడ్బందీ అయింది: బయటి డ్రైవు నుంచి లేవాలన్నా తొలి అడుగులు లోపలి నిల్వలోనే పడతాయి, కనుక లోపలిది పూర్తిగా చచ్చిపోతే బయట ఎంత మంచి డ్రైవు ఉన్నా ప్రయోజనం లేదు. లోపలిది బాగున్నప్పుడు మాత్రం బయటిది దివ్యంగా పనిచేస్తుంది.

విండోస్ వైపూ ఇదే వరస. 2012లో విండోస్ టు గో అని, జేబులో పెట్టుకుని తిరిగే విండోస్‌ను ఎంటర్‌ప్రైజ్ వారికి ఇచ్చారు, 2020లో తీసేశారు. మామూలు ఇన్‌స్టాలర్ అయితే యూఎస్‌బీ డిస్క్ మీద కూర్చోనని మర్యాదగా చెప్పేస్తుంది. బ్యాకప్ కోసం విండోస్ 11 కంట్రోల్ ప్యానెల్‌లో వెతికితే, బ్యాకప్ అండ్ రిస్టోర్ అని ఉండి, పక్కనే బ్రాకెట్లో విండోస్ 7 అని రాసి ఉంటుంది. ఆ విండోస్ 7కు 2020 జనవరిలోనే తిలోదకాలు వదిలారు. పోనీ లైనక్స్ వేసిన పెన్ డ్రైవుతో లేపి ఫైళ్లయినా బయటికి లాగుదామంటే, అది నిజంగానే లేస్తుంది, ఈ మొత్తం వ్యవహారంలో మాట నిలబెట్టుకునేది అదొక్కటే. కాని డ్రైవుకు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ పనిచేస్తూ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది, ఖాతా పాస్‌వర్డు ఇప్పుడు లేవని కంప్యూటరులో భద్రంగా ఉంటుంది.

ఇన్ని చిక్కులు పడలేనివారి కోసం ఆన్‌లైన్ అంగళ్లలో 2 టీబీ పెన్ డ్రైవు కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. ఈ వస్తువును లోకం నకిలీ అని ఆడిపోసుకుంటుంది గాని, దాని పనితనాన్ని దగ్గరగా చూడాలి. లోపల ఉన్న చిప్ 32 జీబీయో 64 జీబీయో ఉంటుంది. కంప్యూటరు అడిగినప్పుడు మాత్రం 2 టీబీ అని తడుముకోకుండా జవాబిచ్చేలా దాని కంట్రోలరును తీర్చిదిద్దారు. పెళ్లి వీడియోలు పోస్తూ ఉంటే వద్దనకుండా తీసుకుంటుంది. అసలు చోటు నిండాక వచ్చినవాటిని పాతవాటి మీదే రాస్తుంది, లేదా గాలికి వదిలేస్తుంది. అయినా ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు, ఒక్కొక్కటి ఎన్ని ఎంబీలో అన్నీ చక్కగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ జాబితా డ్రైవు మొదట్లోనే, అసలు చోటులోనే ఉంది. తెరిస్తే సగం ఫొటో, కింద బూడిదరంగు పట్టీ. దీన్ని కనిపెట్టడానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత సాధనాలున్నాయి. డ్రైవు అంచుదాకా నింపి, తిరిగి చదివి, తేడా చెబుతాయి. అయితే తీసుకున్న బ్యాకప్‌ను ఏనాడూ తెరవని వ్యక్తికి ఈ పెన్ డ్రైవు జీవితాంతం లోపం లేకుండా పనిచేస్తుంది, కాబట్టి మనలో అత్యధికులకు ఇదే తగిన ఎంపిక అని నిష్పక్షపాతంగా సిఫారసు చేయవలసి వస్తోంది.

మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా 2011 నుంచి పాటిస్తున్నారు. ఏప్రిల్ 1న వెర్రివాళ్లం కాకుండా ఉండటానికి ఆ ముందురోజును ఎంచారట. ఎంచినవారికి మన ఆర్థిక సంవత్సరం గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ రోజు ఆడిటరు ఆఫీసులో టాలీ తెర ముందు నుంచి లేచి నీళ్లు తాగే తీరికే ఉండదు. ఏడాది లెక్కలన్నీ ఒకే హార్డ్ డిస్క్ మీద పరాకాష్ఠకు చేరే రోజే, బ్యాకప్ తీసుకోవడానికి ఎవరికీ క్షణం దొరకని రోజు. తీసినా ఆ డ్రైవును ల్యాప్‌టాప్ బ్యాగు ముందు జేబులోనే పెడతారు. ఒక ప్రతి వేరే ఊళ్లో కాకపోయినా వేరే ఇంట్లో ఉండాలన్న సూత్రం అందరికీ తెలిసిందే, కాని బ్యాగు ఎత్తుకుపోయేవాడికి అసలూ నకలూ వెతుక్కునే శ్రమ కలిగించడం మన మర్యాద కాదు.

ఇన్నీ దాటి ఎవరైనా డ్రైవు కొని, ఇంటికి తెచ్చి, మ్యాక్‌కు తగిలించారనుకుందాం. 2007లో వచ్చిన టైమ్ మెషీన్ దీన్ని బ్యాకప్ కోసం వాడమంటారా అని అడుగుతుంది. కొంతకాలం పాటు ఆ ప్రశ్న కింద వాడను, వాడతాను అనే రెండు బొత్తాలతో పాటు తర్వాత నిర్ణయించుకుంటాను అని మూడో బొత్తం కూడా ఉండేది. అమెరికాలో కూర్చున్న ఇంజినీర్లు మన మనసును అంత దూరం నుంచి ఎలా చదివారో గాని, అందులో ఏది నొక్కాలో మనకు ఎవరూ చెప్పవలసిన పని రాలేదు.